కోతలకు పోయిన పిల్లకు పాఠం

(మన సంఘం సాంస్కృతిక సభలో, యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను చీమకుర్తిలో గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ని. బీఈడీ చదివాను, కొన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఇప్పుడు పగలంతా బియ్యం లెక్కలు, కోడిగుడ్ల లెక్కలు, జ్వరాల లెక్కలు చూసుకుని, సాయంత్రం స్టడీ అవర్లో మళ్లీ పాఠాలే చెబుతున్నాను. మీలో కొందరు మా హాస్టల్లో ఉండి వెళ్లినవాళ్లే. వెనక వరసలో తలొంచుకుని నవ్వుతున్నవాళ్లు నాకు కనపడుతూనే ఉన్నారు.

నాకిచ్చిన అంశం "ఆన్‌లైన్‌లో కలిసి నేర్చుకునే సాధనాలు, ఆలోచనకు తోడ్పడే సాధనాలు". ఇదేదో పట్నం కాలేజీల సంగతి, మనకెందుకులే అనిపించవచ్చు. అందుకే నేను దీన్ని మిరప చేల దగ్గర మొదలుపెడతాను.

మన ప్రాంతంలో రెండు క్యాలెండర్లు నడుస్తాయి. బడి క్యాలెండర్ జూన్‌లో మొదలై మార్చిలో పదో తరగతి పరీక్షలకు చేరుతుంది. చేల క్యాలెండర్లో పత్తి తీతలు పండక్కి ముందే అందుకుంటాయి, మిరప కోతలు జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా సాగుతాయి. ఈ రెండూ సరిగ్గా పరీక్షల ముందు గుద్దుకుంటాయి. సంక్రాంతికి ఇంటికి వెళ్లిన పిల్ల శివరాత్రి దాటినా తిరిగి రాదు. ఫోన్ చేస్తే తల్లి, "గుంటూరు పక్క కోతలకొచ్చాం మేడం, చిన్నోడిని చూసుకునేవాళ్లు లేరు" అంటుంది. ఇంకో కుటుంబం జామాయిల్ నరుకుడుకి పోయి ఉంటుంది. వాళ్లను తప్పుపట్టను. ఆ రెండు నెలల కూలితోనే వాళ్లకు ఏడాదంతా గడవాలి. అయితే ఆ నెలన్నరలో బడిలో మిగిలిన పాఠాలు అయిపోతాయి, పునశ్చరణ కూడా సగం అయిపోతుంది. తిరిగొచ్చిన పిల్ల పక్కపిల్ల నోట్సు ముందేసుకుని, అర్థమైనా కాకపోయినా ఎక్కించుకుంటూ కూర్చుంటుంది. రెండు రోజులకు ఇంటికి పోతానంటుంది. బడి మానేసిన ఆడపిల్లల కథలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఓడలెక్కి దేశదేశాలకు పోతోంది. ఒక పాఠం పక్క జిల్లాలోని మిరప చేలోకి పోలేదా అన్నదే నా ముందున్న ప్రశ్న.

ట్యాబులున్నాయి కదా అంటారు. నిజమే. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది, 2023 డిసెంబరులో మన్యంలోని చింతపల్లిలో మొదలుపెట్టి మరో విడత ఇచ్చింది. పాఠాల వీడియోలు అందులో ముందే ఎక్కించి ఇచ్చారు. పుస్తకాల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, 2017లో మొదలైన దీక్ష వేదికలో పాఠాలున్నాయి. కరోనా ఏడాది దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. ఇవన్నీ మంచివే. కానీ వీటన్నిటిలో పిల్ల చూస్తుంది, వింటుంది, అంతే. అర్థం కాకపోతే వీడియోని ఆపి అడగలేదు. అడిగినా అది బదులు చెప్పదు.

మేం చేసింది చాలా చిన్న పని. గూగుల్ డాక్స్‌లో సబ్జెక్టుకొక ఉమ్మడి నోట్సు తెరిచాం. అంటే ఒకే పుస్తకం, పదిమంది పది చోట్ల నుంచి ఒకేసారి రాయవచ్చు. రోజూ స్టడీ అవర్ చివర ఇద్దరు పిల్లలు ఆరోజు బడిలో జరిగిన పాఠాన్ని సొంత మాటల్లో అందులో రాయాలి. టైపు రానివాళ్లు ఫోనుకు తెలుగులో చెబితే అది అక్షరాలుగా మారుస్తుంది, తర్వాత తప్పులు దిద్దుతారు. బొమ్మ ఉంటే కాగితం మీద గీసి ఫొటో తీసి పెడతారు. కోతలకు పోయిన పిల్ల రాత్రి అన్నం తిన్నాక తండ్రి ఫోన్లో అది తెరుస్తుంది. అర్థం కాని వాక్యం పక్కన తన ప్రశ్న రాస్తుంది. మర్నాడు మా పిల్లలు దానికి జవాబు రాయాలి. వీడియో కాదు కాబట్టి డేటా పెద్దగా తినదు. సిగ్నల్ ఉన్నప్పుడు ఒకసారి దించుకుంటే చేలో సిగ్నల్ లేకపోయినా చదువుకోవచ్చు, రాయవచ్చు. మళ్లీ సిగ్నల్ తగలగానే ఆ రాసింది వచ్చి చేరుతుంది. ఎవరు ఏ ముక్క రాశారో, ఎవరు ఏది చెరిపారో చరిత్రంతా అందులో నిలిచే ఉంటుంది కాబట్టి "నేను రాశాను మేడం, ఎవరో తీసేశారు" అనే మాట మా హాస్టల్లో చెల్లదు.

ఇప్పుడొక సంగతి చెప్పాలి, దీనికోసమే నేనీ సభకు వచ్చాను. త్రికోణమితి నోట్సు పక్కన మిరప చేలో ఉన్న పిల్ల ఒక ప్రశ్న పెట్టింది. "సైన్ 30 డిగ్రీలు అర అన్నారు. మరి 60 దానికి రెట్టింపు కదా, సైన్ 60 ఒకటి ఎందుకు కాలేదు?" మా దగ్గర నోట్సు రాసిన ఇద్దరూ పట్టికను అప్పజెప్పడంలో దిట్టలు. సున్నా, అర, బై రూట్ టూ అంటూ నిద్రలో కూడా చెబుతారు. ఈ ప్రశ్నకు మాత్రం నోరు పెగల్లేదు. "అదంతే మేడం, పట్టికలో అంతే ఉంది" అన్నారు. ఆ జవాబు రాయడానికి నేను ఒప్పుకోలేదు. రెండు సాయంత్రాలు పట్టింది.

చివరికి ఏం చేశారంటే, పది అడుగుల నిచ్చెన గోడకు ఆనించినట్టు ఊహించుకోమని రాశారు. నేలతో 30 డిగ్రీల కోణంలో ఉంటే నిచ్చెన కొన 5 అడుగుల ఎత్తుకు చేరుతుంది. 60 డిగ్రీలకు లేపితే ఎనిమిదిన్నర అడుగులు కాస్త దాటుతుంది. నిటారుగా 90 డిగ్రీలకు నిలబెడితే పది. అంటే మొదటి 30 డిగ్రీలకు 5 అడుగులు లేచింది, తర్వాతి 30కి మూడున్నర దాటి, చివరి 30కి అడుగున్నర కూడా లేదు. పడుకుని ఉన్న నిచ్చెనను లేపేటప్పుడు కొన గబగబా పైకి పోతుంది, నిటారుకు దగ్గరయ్యేకొద్దీ పైకి పోవడం తగ్గి గోడవైపు జరగడం ఎక్కువవుతుంది. కోణం రెట్టింపైతే ఎత్తు రెట్టింపు కాదన్నది అప్పుడు వాళ్లకు కంటికి కనిపించింది. జియోజీబ్రా అని ఒక ఉచిత సాధనం ఉంది, ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ తయారుచేసింది. అందులో ఆ నిచ్చెనను వేలితో జరిపి చూశారు. ఆ చిత్రాన్ని నోట్సులో అతికించారు.

చూడండి, ప్రశ్న వచ్చింది చేలోంచి. హాస్టల్లో కూర్చున్నవాళ్లు దాని పుణ్యాన నేర్చుకున్నారు. వెనకబడిందని మనం జాలిపడిన పిల్ల లేకపోతే ఆ ఇద్దరూ పట్టిక అప్పజెబుతూనే పదో తరగతి దాటిపోయేవాళ్లు. కలిసి నేర్చుకోవడం అంటే బాగా చదివే పిల్ల రాసింది మిగతావాళ్లు ఎక్కించుకోవడం అని చాలామంది టీచర్లు కూడా అనుకుంటారు. అలా చేస్తే కంప్యూటరెందుకు, కార్బన్ పేపర్ చాలు.

కలిసి రాయడంలో ఇంకో చిక్కుంది. ఎవరైనా తప్పు రాస్తే? దీనికి మేం వికీసోర్స్ దగ్గర పద్ధతి తెచ్చుకున్నాం. వికీ అన్నది హవాయి దీవుల మాట, తొందర అని అర్థం. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా ప్రోగ్రామర్, చదివేవాళ్లే దిద్దగల సైటు ఒకటి పెట్టి, హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు దానికి పెట్టుకున్నాడు. ఆ దారిలో 2001లో వికీపీడియా వచ్చింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది, దానికి ఆద్యుడు వెన్న నాగార్జున గారు. జీతాలు లేవు, రాసేవాళ్లంతా స్వచ్ఛందంగా రాసేవాళ్లే. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల పిల్లలు కూడా ఇందులో పనిచేశారు. వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలను అక్షరాల్లోకి తెస్తారు. దిద్దని పేజీకి ఎరుపు గుర్తు. ఒకరు మూలంతో పోల్చి దిద్దితే పసుపు. రెండో మనిషి మళ్లీ పోల్చి చూస్తేనే ఆకుపచ్చ. మొదట దిద్దినవాళ్లే ఆకుపచ్చ చేస్తామంటే కుదరదు. మా నోట్సులోనూ అదే నియమం పెట్టాం. రాసినది ఎరుపు, ఇంకొకరు పాఠ్యపుస్తకంతో పోల్చి చూస్తే పసుపు, మూడో పిల్ల ఒక లెక్కగానీ ఒక ఉదాహరణగానీ సొంతంగా చేసి చూపితే ఆకుపచ్చ. మొదట్లో స్నేహితురాలు రాసిన దాన్ని తప్పు అనడానికి మొహమాటపడేవాళ్లు. ఇప్పుడు కొంచెం ఎక్కువే అంటున్నారు, నేనే సర్దిచెప్పాల్సి వస్తోంది.

ఇక ఆలోచనకు తోడ్పడే సాధనాలు. పేరు కొత్తదిగానీ పని పాతదే. పాలవాడుక లెక్క కోసం గోడమీద బొగ్గుతో గీసే గీత అలాంటి సాధనమే. బుర్ర మోయాల్సిన బరువును గోడ మోస్తుంది, బుర్ర వేరే పని చూసుకుంటుంది. డేవిడ్ జొనాసెన్ అనే విద్యాశాస్త్రవేత్త వీటిని మైండ్ టూల్స్ అన్నాడు. కంప్యూటర్ నుంచి నేర్చుకోవడం వేరు, కంప్యూటర్‌తో కలిసి ఆలోచించడం వేరు అన్నది ఆయన వాదన.

కాన్సెప్ట్ మ్యాప్ అని ఒకటుంది. 1972 ప్రాంతంలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం పిల్లల అవగాహన ఎలా మారుతోందో చూడటానికి దీన్ని కనిపెట్టింది. పాఠంలోని ముఖ్యమైన మాటలను గళ్లలో రాసి, గడికీ గడికీ గీత గీసి, ఆ గీత మీద సంబంధం ఏమిటో రాయాలి. ఆ గీత మీది మాటలోనే సారమంతా ఉంది. "కిరణజన్య సంయోగక్రియ" నుంచి "ఆక్సిజన్"కి గీత ఎవరైనా గీస్తారు, ఆ గీత మీద "విడుదల చేస్తుంది" అని రాయాలా, "వాడుకుంటుంది" అని రాయాలా అన్న దగ్గర తెలిసిందీ తెలియనిదీ బయటపడుతుంది. మన ఎరుకల ఆడవాళ్లు బుట్ట అల్లడం చూడండి. అడుగున బద్దలు పరిచి కుదురు కట్టాకే అల్లిక పైకి లేస్తుంది. కుదురు సరిగా లేని బుట్ట ఎంత పైకి అల్లినా వంకరే. పాఠానికి ఈ మ్యాపు కుదురు లాంటిది. దీన్ని గీయడానికి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి, చార్టు కాగితమైనా చాలు.

రెండోది గుర్తుపెట్టుకోవడం. మన పిల్లలకు తెలిసిన ఏకైక పద్ధతి, చదివిందే పదిసార్లు చదవడం. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు చదివి, పక్కన పెట్టి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే గెలిచారు. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుని రాసినవాళ్లు చాలా ముందున్నారు. పొద్దున్నే బట్టీపట్టి బడికెళ్లి అప్పజెప్పిన పిల్ల మార్చిలో ఎందుకు మర్చిపోతుందో ఇందులో ఉంది. యాంకీ అనే ఉచిత యాప్ ఈ పని చేయిస్తుంది. ప్రశ్న చూపిస్తుంది, మనం జవాబు గుర్తుచేసుకోవాలి, తెలిసినవాటిని ఆలస్యంగా, తెలియనివాటిని త్వరగా మళ్లీ అడుగుతుంది. దాని తాత జర్మనీలో ఉన్నాడు. సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు 1972లోనే అట్టపెట్టెలతో ఇదే పద్ధతి చెప్పాడు. మా హాస్టల్లో ఖాళీ చెప్పుల డబ్బాలతో చేశాం. మొదటి డబ్బాలోని చీటీలు రోజూ, రెండో డబ్బావి మూడు రోజులకోసారి, మూడోదానివి వారానికోసారి. కరెంటు పోయినా పనిచేసే సాధనం ఇది.

ఇంగ్లీషు పలకడానికి కూడా ఒక చిట్కా. 2000 తర్వాత తొలి ఏళ్లలో సుగత మిత్ర బృందం హైదరాబాద్‌లో 16 మంది పేద పిల్లలకు, మనం మాట్లాడితే అక్షరాలుగా రాసే ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్ ఇచ్చి చూసింది. తమ మాట కంప్యూటర్‌కి సరిగా అర్థమయ్యేదాకా ఆ పిల్లలు తమలో తాము దిద్దుకుంటూ ఉచ్చారణ బాగుచేసుకున్నారు. ఇవాళ ఆ ప్రోగ్రాం మీ అందరి జేబుల్లోనూ ఉంది. వాయిస్ టైపింగ్ నొక్కి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి చూడండి. నలుగురు కలిసి చేస్తే సిగ్గు ఉండదు. నవ్వులుంటాయి, అంతే.

ఇప్పుడు అందరూ అడిగేది చాట్‌జీపీటీ గురించి. 2022 నవంబరు ఆఖరున వచ్చింది, మన ఊళ్లకు చేరడానికి ఏడాది కూడా పట్టలేదు. టర్కీలో సుమారు వెయ్యిమంది హైస్కూల్ పిల్లల మీద పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు గణితంలో ఒక పరిశీలన చేశారు. మామూలు చాట్‌బాట్ చేతికిచ్చినప్పుడు పిల్లలు అభ్యాసం లెక్కలు 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అది లేకుండా పరీక్ష రాయమంటే, అసలు దాన్ని ముట్టని పిల్లలకన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన రకం వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు. యంత్రం ఒకటే, అడిగే తీరు వేరు.

మా హాస్టల్లో నియమం ఏమిటంటే, ముందు నోట్‌బుక్‌లో తన ప్రయత్నం ఉండాలి. తర్వాత "ఈ లెక్క చెయ్యి" అని అడగకూడదు, "నేను చేసిన దాంట్లో ఏ మెట్టు దగ్గర తప్పు పోయింది, జవాబు చెప్పకు" అని అడగాలి. అది చెప్పిందాన్ని కూడా మూడు రంగుల పద్ధతిలో పెట్టాల్సిందే. అది తప్పులు కూడా ఎంతో ధీమాగా చెబుతుంది. మన సంగతులు అడిగితే మరీను.

ఎందుకంటే ఆ యంత్రం చదువుకున్నది మన గురించి ఇతరులు రాసిన రాతలు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీలు, చెంచులు అందరూ అందులో ఉన్నారు, ముక్కుల కొలతలతో సహా. ఆ కాలంలోనే నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. మనవాళ్ల కోసం పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల మీద పుస్తకం రాశారు. కానీ రద్దయిన చట్టం నాటి మాటలు పుస్తకాల్లోంచి ఇంటర్నెట్‌కి, అక్కణ్నుంచి యంత్రంలోకి ఎక్కి కూర్చున్నాయి. రేపు మీ పాప "మనం ఎవరం?" అని ఫోన్‌ను అడిగితే థర్‌స్టన్ జవాబు చెబుతాడు.

దీన్ని మార్చినవాళ్లున్నారు. సంతాలీలకు 1925లో రఘునాథ్ ముర్ము ఓల్ చికి లిపి చేశాడు, 2018 ఆగస్టులో ఆ లిపిలోనే సంతాలీ వికీపీడియా వచ్చింది. మన పక్కనే ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి రాతప్రతులను జయధీర్ తిరుమలరావు గారు వెలుగులోకి తెచ్చారు, ఆ లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది. ఎరుకల భాషకు, సుగాలీల గోర్ బోలీకి సొంత లిపి లేదని ఆగనక్కర్లేదు, తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు.

అడ్డంకి కూడా ఉంది. వికీపీడియా అచ్చైన ఆధారం అడుగుతుంది. మా అవ్వ చెప్పింది అంటే ఒప్పుకోదు. 2011లో అచల్ ప్రభల దీని మీదే ఒక డాక్యుమెంటరీ తీశారు. కేరళ పల్లె ఆటల్లాంటివి అందరికీ తెలిసినా ఏ పుస్తకంలోనూ లేకపోతే వాటికి ఆధారం ఎలా అని. అందుకే ముందు మన ఈ-సంచిక లాంటి చోట్ల మన పేర్లతో, తేదీలతో అచ్చు చేసుకోవాలి.

అన్నీ రాయాలని కూడా నేను అనను. దుగ్గిరాల యార్డులో గుట్టలు పోసే పసుపు గాయాలు మాన్పుతుందని మనకు ఎవరైనా చెప్పాలా? 1995లో అమెరికాలో దానిమీద పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ పాత రాతలను ఆధారాలుగా చూపి పోరాడితే 1997లో రద్దయింది. పసుపుకు రాతలున్నాయి. పాముకాటుకు, పక్షవాతానికి మన తాతలు వాడే వేర్లకు లేవు. రాస్తే ఎవరో ఎత్తుకుపోవచ్చు, రాయకపోతే మనదని చూపడానికి కాగితం ఉండదు. ఇది తేలిగ్గా తేలే సంగతి కాదు. మందుల విషయం పెద్దలను కూర్చోబెట్టి వాళ్లు ఒప్పుకున్నంత వరకే రాద్దాం. మాటలు, పాటలు, పొడుపుకథలు, చుట్టరికాల పేర్లు, బుట్టల రకాలు, పూసల పేర్లు మాత్రం ఆగనక్కర్లేదు. ఎవరి గొంతు రికార్డు చేసినా, ఎవరి ఫొటో తీసినా, ఎక్కడ పెడతామో వాళ్లకు చెప్పి అడిగి తీయండి.

టైమ్ అయిందని అధ్యక్షులు చీటీ పంపారు. రెండు పనులు చెప్పి దిగుతాను. ఒకటి, ఇంటర్, డిగ్రీ చదువుతున్నవాళ్లు వారానికి ఒక గంట మా ఉమ్మడి నోట్సులో ప్రశ్నలకు జవాబులు రాయండి. జనవరి నుంచి మార్చి దాకా చాలు. ఎక్కడున్నా రాయవచ్చు, చీమకుర్తి రానక్కర్లేదు. రెండు, మన మాటల పట్టిక. మొదటి వంద మాటలు మీ అవ్వనో తాతనో అడిగి రాసుకురండి. మాట, అర్థం, ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ తేదీ. ఒకరు రాస్తే ఎరుపు, ఇంకో ఊరివాళ్లు అవునంటే పసుపు, మూడో ఊరివాళ్లు కూడా అంటే ఆకుపచ్చ. ఎరుకల పిల్లలు ఇద్దరు, సుగాలి పిల్లలు ముగ్గురు ఇప్పటికే పేర్లిచ్చారు. యానాది పిల్లల్లో ఇంకా ఎవరూ ఇవ్వలేదు. "మాది తెలుగే కదా మేడం, మాకు వేరే మాటలేమున్నాయి" అంటున్నారు. చేపల పేర్లు, ఎలుక బొరియల రకాలు, చెరువులో నీటి తీరుకు మీ తాత వాడే మాటలు చెప్పమనండి, ఆ తెలుగు నాకు రాదు. భోజనాల దగ్గర పందిరికి ఎడమ పక్క బల్ల దగ్గర పుస్తకం పెట్టుకుని కూర్చుంటాను, వచ్చి పేర్లివ్వండి.